కుడివైపు గోడ మీద ఏముంది

తాళాల మేస్త్రికి అరవై ఎనిమిదో ఏట జ్ఞానోదయమైంది. అది చెవుల్లోంచి వచ్చింది. కూతురు పారేయబోయిన ఇయర్‌ఫోన్లు అడిగి తెచ్చుకుని, దుకాణంలో తాళంచెవులు అరగదీస్తూ, రోజుకి నాలుగు గంటలు ఫోన్లో నిపుణుల ముచ్చట్లు వినడం మొదలుపెట్టాడు. ఒకాయన అడుగుతాడు, ఇంకొకాయన చెబుతాడు. ఒకరోజు నిద్ర ఎలా పోవాలో, మర్నాడు నీళ్ళు ఎలా తాగాలో. ఇన్నేళ్ళూ తాను నిద్రపోయిందీ, నీళ్ళు తాగిందీ అంతా తప్పేనని తెలిసి మేస్త్రి కాసేపు దిగులుపడ్డాడు గాని, తప్పు తెలుసుకున్న మనిషికి ఉండే దర్జా కూడా ఆ వెనకాలే వచ్చి కూర్చుంది.

చెప్పినవన్నీ చేశాడు. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకున్నాడు. మోకాళ్ళకు మంచిదంటే మేడ మీద వెనక్కి నడిచి, బట్టల తీగకు చిక్కుకుని, పక్కింటివాళ్ళ దుప్పటితో సహా కూలబడ్డాడు. 'కాదు' అనడం రానివాడు జీవితంలో ఎదగడని ఒక మనస్తత్వ నిపుణురాలు చెప్పింది. సరేనని మొదటి 'కాదు' ఇల్లాలి మీద ప్రయోగించాడు. ఆ తర్వాత రెండు రోజులు ఉత్త రొట్టె తిన్నాడు. ఎదుగుదలలో ఇదొక మెట్టు అయ్యుంటుందని సర్దుకున్నాడు.

అన్నిటికంటే ఆయన్ని గట్టిగా పట్టుకున్నది మోసాల మీద జరిగిన ముచ్చట. రిటైరైన పోలీసు అధికారి ఒకాయన పన్నెండు భాగాలు మాట్లాడాడు. ఈ కాలపు దొంగ గోడ దూకడు, ఏడుస్తూ వచ్చి మన చేతే తలుపు తీయిస్తాడు అన్నాడాయన. మేస్త్రి అరగదీస్తున్న తాళంచెవి పక్కన పెట్టేశాడు. నలభై ఏళ్ళుగా తాను చేస్తున్న పనే అది. ఏడుస్తూ వచ్చినవాళ్ళకి తలుపులు తీయడం. ఎంతమంది దొంగలను దగ్గరుండి లోపలికి సాగనంపానో అనుకున్నాడు.

ఆ రోజు నుంచి పనిలో కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరింటి తలుపైనా సరే, ముందు కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టాలి. ఏ నిర్ణయానికైనా ముందు పది అంకెలు అని ఇంకో నిపుణుడు చెప్పాడు. తర్వాత ఒక ప్రశ్న అడగాలి: తలుపు తీయగానే కుడివైపు గోడ మీద ఏముంది? ఇంటివాళ్ళయితే టక్కున చెబుతారు. దొంగయితే నీళ్ళు నములుతాడు. ఈ ప్రశ్న ఏ నిపుణుడూ చెప్పలేదు, మేస్త్రి సొంతంగా కనిపెట్టాడు. అందుకని దాని మీద మమకారం ఎక్కువ.

ఇంట్లో ఇల్లాలికీ పాఠం చెప్పాడు. "ఫోన్లో గొంతు విని నమ్మకు. యంత్రాలు ఎవరి గొంతైనా దించేస్తున్నాయి. ఇంటి సంగతులు ఎవరడిగినా చెప్పకు."

"మీరడిగినా?"

"నేనడిగినా సరే."

ఆవిడ తలూపి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది. తన మాట ఇంత తేలిగ్గా చెల్లడం మేస్త్రికి కొత్త.

ఒకరోజు పొద్దున తొమ్మిది దాటాక ఒక నర్సు చెప్పులైనా లేకుండా దుకాణంలోకి పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఖాళీ చెత్తబుట్ట ఉంది. "మేస్త్రిగారూ, చెత్త పారేయడానికి బయటికొచ్చాను, గాలికి తలుపు పడిపోయింది. తాళంచెవి లోపల, ఫోను లోపల. పొయ్యి మీద పాలున్నాయి. మా అమ్మ మంచం మీద ఉంది, తుంటి ఎముకకి ఆపరేషనై పదిహేను రోజులు. చెవులు సరిగా వినపడవు. తొందరగా రండి."

మేస్త్రి సంచి తీసుకుని ఆమె వెనకాల మూడంతస్తులు ఎక్కాడు. తలుపు చూడగానే పెదవి విరిచాడు. లాగితే పడిపోయే మామూలు తాళం. ఇలాంటివి తనని చూసి సిగ్గుతో వాటంతట అవే తెరుచుకుంటాయని వీధిలో ఒక కథ ఉంది. ఒక ఇనప్పెట్టె ఆయన దగ్గు విని తెరుచుకుందనే కథ కూడా ఉంది. రెండూ ఆయన చెప్పినవే.

సంచి కింద పెట్టి, నిటారుగా నిలబడి, కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైంది బాబాయ్‌గారూ, కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఉండమ్మా. ఆరు, ఏడు, ఎనిమిది."

పది దాకా వెళ్ళి కళ్ళు తెరిచాడు. "ఇప్పుడు చెప్పు. ఈ తలుపు తీయగానే కుడివైపు గోడ మీద ఏముంది?"

నర్సు బిత్తరపోయింది. "గోడ మీదా? ఏమో. అట్టపెట్టెలు ఉన్నాయి."

"అట్టపెట్టెలు గోడ మీద ఉండవు, నేల మీద ఉంటాయి."

"ఇంట్లో దిగి ఎనిమిది రోజులే అయింది. సగం సామాను విప్పనే లేదు. ఆసుపత్రి నుంచి రావడం, అమ్మకి మందులివ్వడం, పడుకోవడం. గోడలెవరు చూశారు?"

"ఇల్లు అద్దెకిచ్చినాయన్ని పిలువు, ఆయన చెబుతాడు."

"ఆయన ఊళ్ళో లేడు. పక్కవాళ్ళు పనులకెళ్ళిపోయారు."

మేస్త్రి గడ్డం నిమురుకున్నాడు. కొత్త మనిషి. సాక్షి లేడు. తొందరపెడుతోంది. కళ్ళలో నీళ్ళు. పోలీసాయన చెప్పిన లక్షణాలన్నీ వరసగా కుదురుతున్నాయి. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

"చూడమ్మా, ఈ రోజుల్లో ఎవరినీ నమ్మే పరిస్థితి లేదు."

అప్పుడే తలుపు కింద సందులోంచి మాడిన పాల వాసన వచ్చింది. నర్సు రెండు చేతులతో తలుపు బాదింది. లోపలి నుంచి పలుకు లేదు. ఆమె వెనక్కి తిరిగి, ఏడుపు మింగుకుని, పళ్ళ బిగువున అడిగింది. "మీ ఇంటి తలుపు తీయగానే కుడివైపు గోడ మీద ఏముందో చెప్పండి చూద్దాం."

"గడియారం," అన్నాడు మేస్త్రి తడుముకోకుండా.

"నిజమేనా?"

"ఇప్పుడే రుజువు చేస్తాను." మాట పట్టింపు మనిషి. ఫోను తీసి, స్పీకరు పెట్టి, ఇంటికి చేశాడు. "ఏమే, మన తలుపు తీయగానే కుడిపక్క గోడకి ఉన్నది గడియారమే కదా?"

అవతల కుట్టుమిషను ఆగింది. "ఎవరు మాట్లాడేది?"

"నేనే."

"నేనే అంటే?"

"నీ మొగుణ్ణి."

"గొంతు బాగానే దించావు. మా ఇంట్లో ఎక్కడేముంటే నీకెందుకు నాయనా?"

"అబ్బా, నిజంగా నేనేనే. ఇక్కడ కొంపలంటుకునేలా ఉన్నాయి."

"మోసగాళ్ళు ఇలాగే తొందరపెడతారని మా ఆయన చెప్పాడు. సరే, నువ్వు మా ఆయనవే అయితే నా పుట్టినరోజు ఎప్పుడో చెప్పు."

మేస్త్రి నోరు తెరిచాడు. నలభై మూడేళ్ళ కాపురం కళ్ళముందు గిర్రున తిరిగింది గాని, అందులో ఎక్కడా తారీఖు కనపడలేదు. "వానాకాలంలో అనుకుంటా."

"తారీఖు?"

"గుర్తు లేదు."

"అయితే ఇంక అనుమానం లేదు, మీరే," అందావిడ, గొంతులో గౌరవం తెచ్చుకుని. "దొంగవాడైతే అన్నీ కనుక్కుని మరీ ఫోన్ చేసేవాడు. గడియారం తీసేసి మూడేళ్ళయింది. అక్కడ నా గొడుగు వేలాడుతోంది. రోజూ దాన్ని భుజంతో రాసుకుంటూ వెళ్తున్నారు."

ఫోను పెట్టేసింది. మేస్త్రి కూడా పెట్టేశాడు. నర్సు మళ్ళీ తలుపు వైపు తిరిగి బాదడం మొదలుపెట్టింది.

ఆ ఒక్క క్షణంలో మేస్త్రికి, ఏ నిపుణుడూ దగ్గర లేకుండానే, ఒక సంగతి బోధపడింది. దొంగ ముందే అన్నీ చూసుకుని వస్తాడు. తన గోడ మీద ఏముందో తెలియనిది ఆ ఇంట్లో బతికేవాళ్ళకే. ఈ పిల్ల చెప్పిన 'ఏమో' కంటే గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. దాన్ని చేతిలో పెట్టుకుని తాను పోలీసు వేషం కట్టాడు.

సంచిలోంచి పలచటి ప్లాస్టిక్ ముక్క లాగి తలుపు సందులో దూర్చాడు. మొదటిసారి జారింది. రెండోసారి తాళం నాలుక లోపలికి జరిగి తలుపు తెరుచుకుంది. పది అంకెలు లెక్కపెట్టడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

ఇల్లంతా పొగ. నర్సు వంటింట్లోకి దూసుకెళ్ళి పొయ్యి కట్టేసింది, కిటికీలు బార్లా తెరిచింది, అక్కడి నుంచి లోపలి గదిలోకి పరుగెత్తింది. మేస్త్రి వెనకాలే వెళ్ళాడు. ముసలమ్మ మంచం అంచున కూర్చుని, దగ్గుతూ, ఒక కాలు నేలకి ఆనించి, రెండో కాలు దించబోతోంది. అది ఆపరేషనైన కాలు, ఒంటరిగా మోపొద్దని డాక్టర్లు చెప్పారు. ఇంకాస్త ఆలస్యమైతే లేచి ఉండేది, లేస్తే పడి ఉండేది. నర్సు వెళ్ళి రెండు చేతులా పట్టుకుని వెనక్కి కూర్చోబెట్టింది. తర్వాత తల్లి ఒళ్ళో తల పెట్టి కాసేపు లేవలేదు.

మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నావే?" అంది ముసలమ్మ కూతురితో. "పొగకి ఊపిరాడలేదు."

నర్సు తలెత్తి మేస్త్రి వైపు చూసింది. అలసిపోయిన చూపు. "తాళం మొరాయించిందమ్మా," అంది.

అలా వదిలేయొచ్చు. వదిలేస్తే మేస్త్రి పరువుతో మెట్లు దిగొచ్చు. సంచి భుజాన వేసుకున్నాడు కూడా. కానీ మనసొప్పలేదు.

"తాళం కాదమ్మా. మేస్త్రి మొరాయించాడు."

"ఏంటట?" అంది ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"మేస్త్రి మొరాయించాడు, అంటున్నాను."

"గట్టిగా చెప్పు నాయనా, నాకు వినపడదు."

మేస్త్రి గుక్క తిప్పుకున్నాడు. పొగ పోవడానికి కిటికీలూ తలుపూ అన్నీ తీసే ఉన్నాయి. కింద వీధిలో ఆయన కథలు విని పెరిగిన జనం నడుస్తున్నారు. "తాళం మంచిదేనమ్మా," అని అరిచాడు. "మేస్త్రే తెలివితక్కువ వెధవ. మీ అమ్మాయిని దొంగ అనుకుని బయట నిలబెట్టాడు."

ముసలమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "దాన్నా? దొంగతనం చేసే తీరిక దానికెక్కడుంది?" అని, కాస్త ఆలోచించి, "పాలగిన్నె మాడిపోయుంటుంది. నా పిల్ల రాత్రంతా డ్యూటీ చేసొచ్చింది. నువ్వు తోమి వెళ్ళు," అంది.

మేస్త్రి సంచి దించాడు. వంటింట్లో చొక్కా చేతులు మడిచి, గిన్నె అడుగున పట్టిన నల్లటి మాడు మీద పీచు వేసి రుద్దడం మొదలుపెట్టాడు. తన గదిలో మంచం మీద నుంచి ముసలమ్మ ఎలా రుద్దాలో చెబుతూనే ఉంది. ముందు నీళ్ళు పోసి నాననివ్వాలట. మధ్యలోంచి కాదు, అంచుల నుంచి రావాలట. మేస్త్రి అంచుల నుంచి వచ్చాడు.