గడ్డి తీసేసిన షెడ్డు

పందికి తెలివి లేదనే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దమ్మపేట దగ్గర వెంకటేశ్వరరావు సారు పందుల షెడ్డులో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. పొడుగాటి తొట్టిలో తవుడూ నూకలూ కలిపి పోస్తే నలభై పందులూ వరసగా నిలబడి ఒకేసారి తినేవి. తిన్నాక వరిగడ్డిలో మూతులు పెట్టి పొద్దంతా కెలుక్కునేవి. కొట్లాటన్నది ఎరగవు.

జీతం కాక ఏడాదికో పంది నాకిచ్చేవాడు సారు. ఈసారిది నల్లది, నుదుట తెల్లమచ్చ. నా బిడ్డ సుజాత కాన్పులో చావుబతుకుల్లో ఉన్నప్పుడు, బతికితే దీన్ని ఇస్తానని ముత్యాలమ్మకు మొక్కాను. సుజాత బతికింది. మా ఊళ్లో మొక్కు పందికి చెవి చిరగకూడదు, తోక తెగకూడదు.

ముత్యాలమ్మ పండుగ నెల రోజులుందనగా సారు తొట్టి తీసేసి, దాణా పోసే ఇనుప ఫీడర్ తెచ్చాడు. ఒకసారికి రెండు మూతులే పడతాయి. గడ్డి కూడా తీసెయ్యమన్నాడు.

"పందులకు పరుపులెందుకు జంపక్కా? గచ్చు కడిగితే సాఫ్‌గ ఉంటది."

"వాటి మూతికి పని ఉండాలె సారూ. లేకుంటే ఒకదాన్నొకటి కొరుకుతయి."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

గడ్డి అంతా ఊడ్చేశాను.

మూడో రోజుకే మొదలైంది. ఫీడర్ దగ్గర వెనక నిలబడ్డవి ముందున్నవాటి తోకలు పట్టేవి. మిగతావి ఉత్త గచ్చు నాకి నాకి, పక్కదాని చెవి నమిలేవి. సారుకు చెబితే వేపనూనె పూయమన్నాడు. పూశాను. నూనెతో సహా కొరికాయి.

అప్పుడే నా పందిని ఇంటికి తోలుకుపోవాల్సింది. ఇంట్లో దానికి పెట్టడానికి గంజి తప్ప ఏముంది? ఇంకో పది రోజులు సారు దాణా తింటే బలుస్తుందనుకున్నాను. నా ఆశ పాడుగాను.

పండుగకు నాలుగు రోజుల ముందు పొద్దున వెళ్లేసరికి దాని తోక మొదలంటా లేదు. నెత్తురు వాసనకు మరో మూడు దాని వెంటే తిరుగుతున్నాయి. వాటిని తరిమి, దాన్ని ఊరికి తోలుకొచ్చాను. మా పూజారి దూలయ్య చుట్టూ తిరిగి చూశాడు.

"తల్లికి గిది పెడ్తవా జంపక్కా?"

"జర కండ్లు మూసుకో దూలన్నా. నా బిడ్డ మొక్కు."

"నేను మూసుకుంట. నువ్వు మూసుకుంటవా?"

పందిని తోలుకుని ఇంటిదారి పట్టాను.

పండుగనాడు ముత్యాలమ్మ దగ్గరికి పోబుద్ధి కాక షెడ్డుకు పోయాను. గాయాలు చూసి బేరగాడు పందులు వద్దని వెళ్లిపోయాడట. సారు గడ్డిమోపులు దింపిస్తున్నాడు. పాత తొట్టి కడిగి పెట్టి ఉంది.

"గడ్డి వేస్తే కొరకవంట జంపక్కా, ఫోన్ల చూసిన. గీ ముచ్చట ముందే చెప్పొద్దా?"

ఆయన మొహం చూస్తే ఏమంటానోనని చూడలేదు. గడ్డి పరిచాను. గంటలో అన్నీ మూతులు దూర్చి పడుకున్నాయి. ఊడ్చిందీ ఈ చేతులే, పరిచిందీ ఈ చేతులే. ఊరివైపు డోలు మోగుతోంది. సుజాత చంటిదాన్ని ఎత్తుకుని, మొక్కు పంది లేకుండా, ముత్యాలమ్మ తల్లి ముందు నిలబడి ఉంటుంది.