బోయ్‌సీకి కొని డెన్వర్‌లో దిగడం

మా ఆయన డ్వేన్ తన అన్నకి కిడ్నీ ఇవ్వడానికి ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. అందుకు వెళ్ళే విమానం టికెట్టు ఎంచుకోవడానికి మాత్రం వారం పట్టింది.

ఇది క్రూగర్ల వంశాచారం. అన్న లైల్ డెన్వర్‌లో, తమ్ముడు మిల్వాకీలో. ఇద్దరి ఫోన్లలోనూ మనుషుల నంబర్లకన్నా చవక ప్రయాణాల యాప్‌లే ఎక్కువ. ఒకరింటికి ఒకరు వెళ్తే కుశలం అడగరు, టికెట్టు ఎంతకి దొరికిందని అడుగుతారు. ఎప్పుడో పూర్తి రేటు పెట్టి విమానమెక్కిన బాబాయి ఒకాయన పేరు ఇప్పటికీ ఆ ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకుంటారు.

ఈసారి డ్వేన్ కొన్నది డెన్వర్‌కి కాదు, బోయ్‌సీకి. దారిలో డెన్వర్‌లో విమానం మారాలి. డెన్వర్‌దాకా కొంటే ఎక్కువట, డెన్వర్ మీదుగా ఇంకా దూరం కొంటే తక్కువట. ఎందుకని నన్నడక్కండి. డెన్వర్‌లో చల్లగా దిగిపోయి మిగతా ప్రయాణం ఎగ్గొట్టాలి. పెట్టెలు అప్పగిస్తే అవి బోయ్‌సీ పోతాయి కాబట్టి చెరో వీపుసంచీ. విమానంవాళ్ళకి మాత్రం పొక్కనివ్వకూడదు.

"టికెట్టు డబ్బు తనే ఇస్తానన్నారు కదా మీ అన్నయ్య?" అన్నాను.

"అందుకే కదే! అన్నయ్య సొమ్ము తగలెయ్యమంటావా?"

మేము బయల్దేరే రోజుకి మర్నాడు పొద్దున్నే డెన్వర్ ఆస్పత్రిలో ఆఖరి పరీక్షలు, ఆ మర్నాడు ఆపరేషన్. తేదీ తప్పితే మళ్ళీ నెలన్నరదాకా ఖాళీ లేదు. అప్పటిదాకా బావగారు తట్టుకుంటారని డాక్టరు గట్టిగా చెప్పలేకపోయాడు.

మిల్వాకీలో మేము ఎక్కాల్సిన విమానం చెడిపోయింది. కౌంటర్‌లో బ్రిజిట్ అనే అమ్మాయి మా టికెట్లు చూసి సంబరపడిపోయింది.

"మీ అదృష్టం బావుందండీ! మినియాపోలిస్ మీదుగా పంపేస్తాను. అనుకున్నదానికన్నా ముందే బోయ్‌సీలో ఉంటారు."

డ్వేన్ కౌంటర్ మీదికి వంగాడు. "డెన్వర్ మీదుగా ఏమీ లేవామ్మా?"

"సాయంత్రం ఒకటుంది గానీ, అదెక్కితే అవతల బోయ్‌సీ విమానం అందదండీ. డెన్వర్‌లో చిక్కుకుపోతారు. ఎందుకొచ్చిన అవస్థ?"

ఆ పూట డెన్వర్‌లో చిక్కుకుపోవడంకన్నా ఆయనకి కావలసింది ఈ లోకంలో లేదు. అయినా థాంక్స్ చెప్పి, కొత్త బోర్డింగ్ పాసులు పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"నిజం చెప్పి ఏడవొచ్చు కదయ్యా!"

"చెప్తే ఉన్న టికెట్టు కూడా పీకేస్తారు."

ఒక్కో యాప్ తెరవడం మొదలుపెట్టాడు. బస్సు ఎక్కితే పరీక్షల వేళ దాటిపోతుంది. కారులో చోటిస్తానన్నవాడు సగం దారిలో ఉన్న ఒమాహాదాకానే వెళ్తున్నాడు, అదీ రెండు కుక్కలతో. డ్వేన్ కాసేపు ఆ ఒమాహావాడి గురించే ఆలోచించాడు. నాకు ఒళ్ళు మండింది. అంతకుమించి భయమేసింది. మనిషి చచ్చిపోతాడేమో, మేమేమో బోయ్‌సీలో ముందే దిగి ఉంటాం.

అప్పుడు బావగారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "బయల్దేరారా?" అంతే. డ్వేన్ దాన్ని చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని, తిన్నగా కౌంటర్ దగ్గరికి నడిచాడు. నేనూ వెంటపడ్డాను.

"అమ్మా, మాకు బోయ్‌సీలో ఎవరూ లేరు."

బ్రిజిట్ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇలాంటివాళ్ళు ఆమెకి కొత్త కానట్టుంది.

"డెన్వర్‌లో ఎవరున్నారేంటి?"

"మా అన్నయ్య. ఎల్లుండి నా కిడ్నీ తీసి ఆయనకి పెడతారు."

ఆమె మళ్ళీ కంప్యూటర్‌కేసి తిరిగింది.

"ఎంత పని చేశారండీ," అంది. "ఈ టికెట్టు మీద ఊరు మార్చడం నా చేతుల్లో లేదు. కొత్తవి కొనాల్సిందే. సాయంత్రం విమానంలో రెండే సీట్లున్నాయి. రేటు చెప్పమంటారా?"

"వద్దు," అని కార్డు తీసి ఇచ్చాడు.

రేటు అడక్కుండా ఈయన ఒక వస్తువు కొనగా నేను చూడడం అదే మొదలు.

డెన్వర్‌లో తలుపు తీసింది బావగారే. మనిషి సగమైపోయారు. పళ్ళు, చెవులు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఎంతకి కొట్టావురా?" అన్నారు.

డ్వేన్ తన బూట్లకేసి చూశాడు. "పూర్తి రేటన్నయ్యా."

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ."

డయాలిసిస్ మొదలైన రోజున కూడా బావగారు కంటతడి పెట్టలేదు. కిడ్నీ ఇస్తానని తమ్ముడు ఫోన్ చేస్తే, "మంచిదిరా" అని పెట్టేశారు. ఇప్పుడు తలుపు పట్టుకుని, పసిపిల్లాడిలా ఏడ్చారు.

"నేనంటే నీకింత ఇదా రా?"

"ఊరుకో అన్నయ్యా," అన్నాడు డ్వేన్, కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరితోనూ అనకు."