పులిరాయికి ఆధారం

మాచవరం మిషన్ బడి పంతులు ఇన్నయ్యకి ఆ ఏడు లైబ్రరీ అన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. పల్నాటి పొలాల్లో నిలబెట్టిన వీరుల రాళ్ళన్నీ తిరిగి, ఏ రాయి ఎవరిదో కనుక్కుని, పదేళ్ళు కష్టపడి పుస్తకం రాశాడు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాళ్ళు అచ్చు వేస్తామన్నారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయినా కాగితం కరువు తీరలేదు. నెలాఖరులోగా ప్రెస్సుకి ఇవ్వకపోతే వాళ్ళ వంతు కాగితం ఇంకో పుస్తకానికి పోతుంది. అయినా వాళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు. ప్రతి మాటకీ ఆధారం చూపించమన్నారు. పులి నోట పడి చచ్చినవాడికి నిలబెట్టిన పులిరాయి కథకి "లింగమ్మ, మాచవరం" అని రాసి పంపితే, ఆ గ్రంథం మావద్ద లేదు, ప్రచురించినవారెవరో తెలుపగలరు అని జవాబొచ్చింది.

"గ్రంథమంట! రాళ్ళు కొట్టుకుని బతికిన ముసలమ్మరా నాయనా!" అని ఇన్నయ్య గోడకి మొరపెట్టుకున్నాడు.

చివరికి ఆధారాన్ని స్వయంగా పరీక్షించడానికి లైబ్రేరియన్ సదాశివరావు గారే బయల్దేరారు. పిడుగురాళ్ళలో రైలు దిగి, ఎడ్లబండిలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేసరికి ఆకలితో నకనకలాడుతున్నారు. లింగమ్మ జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, రాతప్రతి ముందు పెట్టుకుని పెన్సిల్ తీశారు.

"పులొచ్చింది. మా నాయన గొడ్డలి తిప్పాడు. పులి పారిపోయింది. నాయన గొడ్లని తోలుకుని ఇంటికొచ్చాడు," అంది లింగమ్మ.

ఇన్నయ్య లింగమ్మ వైపు తిరిగాడు. "ఏందవ్వా! బతికొచ్చినోడికి ఎవడన్నా రాయి నిలబెడతాడా? నాకు చెప్పింది ఇది కాదుగా!"

"నువ్వు రోజూ వచ్చేవోడివి. ఈయన కొత్త చుట్టం. కొత్త చుట్టం అన్నం తిన్నాక ఆ ఇంట్లో చావు మాట ఎత్తం. నీకు తెలవదంటరా?"

తెలుసు. ముందు రొట్టె పెట్టమన్నదీ తనే. ఇన్నయ్య తల బాదుకున్నాడు.

"మీరు రాసిందొకటి, ఈవిడ చెప్పేదొకటి," అన్నారు సదాశివరావు గారు లేస్తూ. "ఆవిడ పేరు కొట్టేయండి. మీ ఊహ అని వేసుకుందాం. లేదంటే పుస్తకం ఆగిపోతుంది."

"కన్నకూతురు కళ్ళారా చూసింది నా ఊహెట్టా అవుద్దండీ?"

బండి కదిలినా ఇన్నయ్య వదల్లేదు. పక్కన కూర్చుని పొలిమేర దాకా వాదించాడు. బండి పొలిమేర దాటగానే వెనక నుంచి కేక వినపడింది. లింగమ్మ కర్ర పోటేసుకుంటూ, రొప్పుతూ వస్తోంది.

"ఇప్పుడు నువ్వు మా ఇంటి చుట్టానివి కాదు. ఇను నాయనా," అంటూ బండి చక్రం పట్టుకుంది. "పులి గొడ్ల మీదికి రాలా. నా మీదికొచ్చింది. చిన్నపిల్లని. గొడ్డలి తియ్యాల్సిన చేత్తో నన్ను చెట్టు మీదికి తోశాడు. కొమ్మ పట్టుకుని చూస్తానే ఉండా. నాయనా నాయనా అని చానాసేపు పిలిచా. పలకలా."

సదాశివరావు గారి పెన్సిల్ కదల్లేదు. కాసేపటికి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది? "రాసుకోవడం మరిచానమ్మా. మళ్ళీ ఒక్కసారి చెబుతారా?"

లింగమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టబోయింది.

"ఏందండీ ఇది!" ఇన్నయ్య అరిచిన అరుపుకి ఎద్దులు బెదిరాయి. "మీ ఆధారం కోసం ఆమె చేత వాళ్ళ నాయన్ని ఎన్నిసార్లు చంపిస్తారు?"

సదాశివరావు గారు రాతప్రతి మోకాళ్ళ మీద పెట్టుకుని, లింగమ్మ పేరు పక్కన "పరీక్షించితిని" అని రాసి సంతకం చేశారు.