ప్నిక్స్ గుట్ట మీద ఎత్తిన చేతులు

పొద్దున్నే ఏథెన్స్‌లోని తిస్సియో స్టేషన్ బయట మెనెలావోస్ కనబడేసరికి గైడు జకరూలాకి విషయం అర్థమైపోయింది. పర్యాటక సంస్థ యజమాని ఊరికే ఎండలో నడవడానికి రాడు.

"ఇవాళ్టి జట్టు చివరిదాకా రావాలమ్మా," అన్నాడతను. "ఇప్పటికి రెండు జట్లు సగంలోనే భోజనానికి చక్కా పోయాయి. మూడోది కూడా పోయిందనుకో, జూన్ నుంచి నీ బదులు చెవిలో పెట్టుకునే రికార్డింగే."

"మెట్లు దిగేటప్పుడు ముసలమ్మల చెయ్యి పట్టుకుంటుందా నీ రికార్డింగ్?"

"పట్టుకోదు. గుట్ట మీద జనం చేత చేతులెత్తించి ఓటింగూ పెట్టదు. నువ్వూ ఇవాళ పెట్టకు."

పెట్టనని మాటిచ్చింది. అగోరా శిథిలాల దగ్గర మొదలై, ప్నిక్స్ గుట్ట ఎక్కి, సోక్రటీసు చెర అని జనం పిలుచుకునే గుహల దగ్గర ముగిసే ఈ నడకను పదకొండేళ్ళ కిందట ఆమే తయారుచేసింది. ఇది పోతే మ్యూజియం గుమ్మం దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టడం తప్ప ఆ సంస్థలో ఆమెకు వేరే పని లేదు.

ఆరోజు వచ్చినవాళ్ళు కార్దిత్సా ఊరి విశ్రాంత ఉద్యోగుల సంఘం. అధ్యక్షురాలు పోలిక్సెనీ ఒకప్పుడు మందుల దుకాణం నడిపింది. ఆమె ఏమన్నా కాదనడానికి లాంబ్రోస్ అనే జున్ను వ్యాపారి ఉన్నాడు. నీడలో నిలబడాలా, గోడ మీద కూర్చోవాలా అన్న దగ్గరే ఇద్దరికీ పడలేదు.

అగోరాలో జకరూలా పెంకుల సంగతి చెప్పింది. పూర్వం ఏథెన్స్‌లో జనం కుండపెంకుల మీద పేర్లు గీకేవారు. ఎవరి పేరు ఎక్కువసార్లు వస్తే వాడు పదేళ్ళు ఊరు విడిచి పోవాలి.

"ఈ పద్ధతి మన సంఘంలో ఉండుంటే పోలిక్సెనీ అక్క ఈపాటికి బల్గేరియాలో ఉండేది," అన్నాడు లాంబ్రోస్.

"నీ పేరు రాయడానికి పెంకులు చాలవురా. కుమ్మరిని కూడా వెంట తెచ్చుకోవాలి."

అందరూ నవ్వారు. వెనక నడుస్తున్న మెనెలావోస్ మాత్రం గడియారం చూసుకున్నాడు.

ప్నిక్స్ మీదికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కింద వీధిలోంచి మాంసం కాలుతున్న వాసన గుట్ట మీదికి కూడా వస్తోంది. జకరూలా గబగబా చెప్పుకుపోయింది. ఇక్కడే ఊరి సభ. అదిగో, ఆ రాతి అరుగు మీద నిలబడి మాట్లాడేవారు. చెప్పులు కుట్టేవాడైనా సరే, సేనాపతి మాటకు అడ్డం చెప్పొచ్చు.

"పదండి, ఇక చెర దగ్గరికి."

"ఆగమ్మా. ఓటెలా వేసేవారు?" అంది పోలిక్సెనీ.

"చేతులెత్తి."

"అయితే మనమూ ఎత్తుదాం," అన్నాడు లాంబ్రోస్. "సోక్రటీసా, గొర్రె మాంసమా?"

జకరూలా వెనక్కి చూసింది. మెనెలావోస్ గడ్డం పైకెత్తి నాలుక టక్కుమనిపించాడు. కాదనమని. అనడం తేలికే. కానీ చెప్పులు కుట్టేవాడి గురించి చెప్పిన నోటితోనే, జనం ఓటు వేస్తామంటుంటే, నోరు మూసుకుని నడవండనడానికి ఆమెకు నోరు రాలేదు.

"ముందు మాట్లాడేవాళ్ళెవరు?" అని అడిగింది.

లాంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు. "సోక్రటీసు చచ్చి చాలా కాలమైంది. ఇంకో రెండు గంటలాగితే ఆయనకొచ్చే నష్టం లేదు. నా మోకాళ్ళు బతికున్నాయి, వాటి సంగతి చూడండి."

"నలభై ఏళ్ళు కొట్టు గల్లా వెనక నిలబడ్డాను. ఇది చూడ్డానికే వచ్చాను. తిండి మనూళ్ళోనూ దొరుకుతుంది," అంది పోలిక్సెనీ.

చేతులు లేచాయి. లెక్క సరిసమానమైంది. అందరూ జకరూలా వైపు తిరిగారు.

"నువ్వెత్తమ్మా, తేలిపోతుంది!"

ఒక్క చెయ్యి. సోక్రటీసుకు ఎత్తితే తన నడక బతుకుతుంది. ఆ చెయ్యి సంచీ పట్టీని గట్టిగా పట్టుకుంది.

"నేను మీ సంఘం మనిషిని కాను. బయటివాళ్ళకు ఇక్కడ ఓటు లేదు."

అప్పుడు వెనకనుంచి మెనెలావోస్ చెయ్యెత్తేశాడు. "నాది సోక్రటీసుకే! పదండి, పదండి!"

"నువ్వెవడివయ్యా?" అన్నాడు లాంబ్రోస్.

"ఈ సంస్థ యజమానిని."

అంతే, అగ్గి మీద నూనె పోసినట్టయింది. "యజమానట! మా ఓటు వీడేస్తాడా?" పోలిక్సెనీ అందరికన్నా గట్టిగా అరిచింది. "లాంబ్రోస్, నా చెయ్యి నీకే. భోజనానికి పదండి!" ఆమె వెంటే మిగతా చేతులన్నీ లేచాయి. అందరూ కిందికి దిగిపోయారు.

మెనెలావోస్ రాయి మీద కూలబడి మెడ తుడుచుకున్నాడు. "చూశావా?"

"చూశాను. నువ్వు కలగజేసుకోకపోతే వాళ్ళు ఇంకాసేపు కొట్లాడుకుని, ఏదో ఒకటి తేల్చుకునేవారు."

ఆమె చెర ఉన్న గుట్ట వైపు చూస్తూ నిలబడింది. మరణం చివర్నే రావాలని ఇన్నేళ్ళూ దాన్ని చివర పెట్టింది. కథకైతే అది బాగానే ఉంది, ఆకలికే బాగాలేదు.

"చెర ముందు చూపిస్తాను," అంది. "అది నిజమైన చెర కాదనీ చెబుతాను. విషం తాగమన్నది రాజు కాదు, ఓట్లు వేసిన తోటి పౌరులే అనీ చెబుతాను. అగోరా తర్వాత. చివరికి ఇక్కడికి తీసుకొస్తాను. ఆ విషం సంగతి విన్నాక చెయ్యెత్తేవాళ్ళు కాస్త ఆలోచించి ఎత్తుతారు. ఆ తర్వాత భోజనానికి పోతే పోనీ, నడక అప్పటికే అయిపోయి ఉంటుంది."

"చెర దగ్గర మొదలెడితే స్టేషన్ నుంచి ఎంత దూరం?"

"ఎక్కువే. పొద్దున కాళ్ళలో బలం ఉంటుందిగా."

మెనెలావోస్ కింద వీధి వైపు చూశాడు. అక్కడ కార్దిత్సా వాళ్ళు బల్లలు కలిపి వేయాలా, విడివిడిగా వేయాలా అని వాదించుకుంటున్నారు.

"జూన్ ఆఖరుదాకా చూస్తాను," అన్నాడు. "అంతకుమించి మాటివ్వను."

"సరే."

"ఓటింగప్పుడు నేను రానులే."

"రావచ్చు. చేతులు జేబులో పెట్టుకుని రా," అని జకరూలా కిందికి దిగడం మొదలుపెట్టింది.