టీ కౌంటరు మీద పడ్డ అద్దె

మా బేకరీలో టీ కౌంటరు నెలకు రెండు వేలు నష్టంలో నడుస్తోందని మా మరిది సుశీల్ కుమార్ ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రకటించాడు. అప్పటికి అతను నేను వండిన బిర్యానీ రెండోసారి వడ్డించుకుంటున్నాడు. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వస్తాడు, ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో లాప్‌టాప్. ఆ రోజు ప్రసంగం రెండోదాంట్లోంచి సాగింది.

బేకరీ ఇందుకూరుపేట సెంటర్లో, మైపాడు బీచికి పోయే రోడ్డు మీద ఉంది. నడిపేది మా ఆయన కిషోర్ బాబు. బ్రెడ్డూ బన్నూ ఒక పక్క, అద్దాల ఫ్రిజ్‌లో కేకులు, రోడ్డు వైపు మూలన టీ కౌంటరు. ఆ కౌంటరు చోటే సాహెబ్ అనే పెద్దాయనది. మా మామగారు బతికున్న రోజుల నుంచీ అక్కడ ఆయనే టీ కాస్తున్నారు. మా ఇంట్లో అందరికీ ఆయన భాయ్.

సుశీల్ లెక్క సూటిగానే ఉంది. షాపు అద్దె, కరెంటు కలిపి నెలకు ఇరవై ఏడు వేలు. విభాగాలు మూడు కాబట్టి తలా తొమ్మిది. టీ అమ్మకంలోంచి పాలు, పొడి, చక్కెర, గ్యాసు, భాయ్ జీతం పదిహేను వేలు తీసేస్తే మిగిలేది ఏడు. ఏడులోంచి తొమ్మిది పోతే ఏమవుతుందో తెర మీద ఎర్రరంగులో చూపించాడు. ఎర్రరంగు చూస్తే మా ఆయనకు ఆయాసం వస్తుంది.

“ఆ మూలకి సెల్‌ఫోన్ కవర్ల గంగాధరం ఆరు వేలు అద్దె ఇస్తానంటుండాడు,” అన్నాడు మా ఆయన. “నష్టం ఆగిపోతాది, పైన ఆరు వేలు చేతికొస్తాది. శనివారం రాహుకాలం మొదలయ్యే లోపల అడ్వాన్సు తెస్తాడంట.”

“మరి భాయ్?”

“అరవై దాటినాయి వదినా,” అన్నాడు సుశీల్. “ఆయన కూడా రెస్టు తీసుకోవాల గదా.”

అరవై దాటినవాళ్ళ విశ్రాంతి గురించి బెంగ ఎప్పుడూ వాళ్ళకు జీతమిచ్చేవాళ్ళకే ఉంటుంది.

నేను బీకాం ఫస్టు క్లాసు. ఆ పట్టా బీరువాలో పట్టుచీరల కింద, చీరల కంటే కొత్తగా ఉంది. పెళ్ళయ్యాక దాన్ని తీసే అవసరం రాలేదు, పాలవాడి లెక్కకు పట్టా అడగరు కాబట్టి.

“సుశీల్, నీ పద్ధతిలోనే నేనూ ఒక చిన్న లెక్క వేస్తా,” అన్నాను. “ఈ ఇంటికీ అద్దె ఉండాది, కరెంటు ఉండాది. ఈ పూట తింటున్నది ముగ్గురం. అద్దెలో నీ వాటా, ఫ్యాన్లో నీ వాటా తెచ్చి నీ ప్లేటు మీద వేస్తే, నీ ఆదివారం భోజనం ఘోరమైన నష్టంలో నడుస్తా ఉంది. మూసేద్దామా?”

“భలేదానివే వదినా. నేను రాకపోతే మాత్రం ఇంటి అద్దె తగ్గతాదా? ఫ్యాను ఆగిపోతాదా?”

“భాయ్ పోతే షాపు ఓనరు అద్దె తగ్గిస్తాడా?”

ముద్ద అతని నోటి దగ్గరే ఆగింది.

“ఆ తొమ్మిది వేలు ఎక్కడికీ పోవు. బ్రెడ్డు మీదా కేకుల మీదా పడతాయి. వచ్చే నెల కేకులు ఎర్రబడతాయి, వాటినీ మూసేస్తారు. ఆఖరికి అద్దె కట్టే షాపు మిగుల్తాది, అమ్మేదానికి ఏమీ ఉండదు.”

మా ఆయన చేయి కడుక్కుని వచ్చాడు. ఆయన లెక్కల మనిషి కాదు కానీ అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగాడు. నన్ను ఆయన పిలిచేది అబీ అని.

“సరే అబీ. నీ లెక్కే తీసుకుందాం. ఏడు పోయి ఆరు వస్తాది. తేడా వెయ్యి. ఆ వెయ్యికి నేను రోజూ తెల్లారి పాల క్యాన్ల కోసం నిలబడాల్నా, సిలిండర్లు మొయ్యాల్నా?”

“టీ తాగేవాళ్ళే గదా బన్ను కొనేది. టీ పోతే అవీ పోతాయి.”

“ఎంత పోతాది?” సుశీల్ వేళ్ళు మళ్ళీ మీటల మీదికి వెళ్ళాయి.

“రొట్టెల పండక్కి భాయ్ సెలవు పెట్టినప్పుడు బన్నులన్నీ మిగల్లేదా?”

“రొట్టెల పండక్కి సగం ఊరు నెల్లూరు చెరువుకాడ ఉంటే ఇక్కడ బన్నులు ఎవురు కొంటారు వదినా?”

అదీ నిజమే. అంట్లు తోముతూ ఉంటే ఆలోచన వచ్చింది. అంట్ల దగ్గర వచ్చే ఆలోచనలు మంచివేనా అని నేనెప్పుడూ విచారించలేదు.

ఆ సాయంత్రమే మా ఆయనతో ఒప్పందం చేసుకున్నాను. మూడు రోజులు, మంగళ, బుధ, గురువారాలు, టీ కౌంటరు తెరవద్దు. పండగ లేదు, తుఫాను లేదు, మామూలు రోజులు. బన్నుల అమ్మకం తగ్గకపోతే మూల గంగాధరానికి ఇచ్చేయండి, నేను నోరెత్తను. అన్నాను గానీ, ఒక మనిషి జీతం తీసుకెళ్ళి నా ఊహ మీద పందెం కాశానని అన్న తరవాత తెలిసింది.

సోమవారం షాపుకు వెళ్ళి, “భాయ్, సానియా ఎన్నాళ్ళ నుంచో రమ్మంటా ఉంది గదా. మూడు రోజులు మనవణ్ణి చూసి రండి. జీతం కొయ్యం,” అన్నాను. సానియా ఆయన కూతురు, తడలో ఉంటుంది. అల్లుడు పర్వేజ్ అక్కడే ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనిచేస్తాడు.

ఎందుకని ఆయన అడగలేదు. గుడ్డతో కౌంటరు ఒకటికి రెండుసార్లు తుడిచి, “అట్నేమ్మా,” అన్నారు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా తెలివికి నేను మురిసిపోతున్న సమయం, రాలేదు.

మంగళవారం ఇంట్లో కాలు నిలవలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి ఫోను, దించి ఫోను.

“బన్నులు ఎంతవరకు పోయినాయి?”

“అబీ, నేను కేకు మీద పేరు రాస్తుండా. నీ దెబ్బకి అబ్బాయి పేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది. ఫోను పెట్టు.”

సాయంత్రం ఆయన తెచ్చినవి పది బన్నులు. మామూలుగా మిగిలేవి ఐదారు. ఇంతేనా? భాయ్ అంటే నాలుగు బన్నులేనా?

“టీ లేదని తెలీక వచ్చినారు,” అన్నాడు మా ఆయన చెప్పులు విప్పుతూ. “వచ్చినోళ్ళు ఉత్త చేతుల్తో ఏం పోతారని మొహమాటానికి కొనుక్కున్నారు.”

బుధవారం ఆ మొహమాటం అయిపోయింది. ఒక ట్రే నిండా వచ్చాయి, వెనకాల ఎగ్ పఫ్‌లు. ఆ రోజు గంగాధరం టేపు తీసుకుని మూల కొలవడానికి వచ్చాడట. కొలతలన్నీ అయ్యాక చెమట తుడుచుకుని, “టీ చెప్పన్నా,” అన్నాడట. మా ఆయన అతన్ని ఎదురు హోటలుకు తీసుకెళ్ళి, రెండు టీలకూ రెండు సమోసాలకూ డబ్బులు కట్టి వచ్చాడు. ఈ సంగతి చెప్తున్నప్పుడు ఆయన ముఖం చూడకుండా నేను చాలా శ్రమపడి బన్నులు సర్దాను.

గురువారానికి ఇల్లు బేకరీ అయ్యింది. పొద్దున బన్ను, మధ్యాహ్నం బన్ను ఉప్మా, సాయంత్రం పక్కింటి కోళ్ళకు బన్ను. సుశీల్ ఆఫీసు నుంచి ఇటే వచ్చి లెక్క కట్టాడు. బన్నుల మీదా పఫ్‌ల మీదా రోజుకు మూడు వందల లాభం పోతోంది, నెలకు తొమ్మిది వేలు. టీ మీద వచ్చే ఏడు కలిపితే పదహారు.

“పదహారు పోగొట్టుకోని ఆరు తెచ్చుకోబోయినాం అన్నా,” అని లాప్‌టాప్ మూసి, తినడానికి ఏముందని అడిగాడు. బన్ను పెట్టాను.

అప్పుడే భాయ్ ఫోను. మా ఆయన హుషారుగా స్పీకర్లో పెట్టాడు.

“బాబూ, నేనింక ఈడనే ఉండిపోతా. పర్వేజు వాళ్ళ క్యాంటీన్లో మాట్లాడినాడు. పదిహేడు వేలు, పైన భోజనం.”

“ఏంది భాయ్ ఇది! ఒక మాటన్నా చెప్పకుండా?”

“మీరు చెప్పినారా బాబూ, మూల గంగాధరానికి ఇస్తుండామని? వాడు బోర్డు కూడా రాయించినాడు. సెంటరంతా తెలుసు. అమ్మ మంచిది కాబట్టి పొమ్మనకుండా, మనవణ్ణి చూసి రమ్మనింది.”

ఫోను లాక్కున్నాను. “పొమ్మనేదానికి కాదు భాయ్. మీరు లేకపోతే బన్నులు ఎన్ని మిగుల్తాయో చూద్దామని పంపించినా.”

బస్సు హారన్ల మధ్య ఆయన గొంతు వినిపించింది.

“నన్ను తూకమేసినారన్నమాట.”

“వేసినా భాయ్. మాకు చెప్పకుండా చానా బరువుండారు.”

“పదిహేడు మేమూ ఇస్తాం, వచ్చేయండి,” అని మా ఆయన పక్కనుంచి అరిచాడు.

“చూస్తా బాబూ. సానియా ఏమంటాదో.” పెట్టేశారు.

శుక్రవారం ఫోను రాలేదు. నమాజుకు పోయుంటారనుకున్నాను, తరవాత నిద్రపోయుంటారనుకున్నాను, తరవాత ఏమీ అనుకోలేక ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. సుశీల్ ఫోన్ చేసి, “వదినా, భాయ్ రాకపోతే గంగాధరమే కరెక్టు,” అన్నాడు. ఈసారి అతని లెక్కలో తప్పు లేదు. టీ కాసే మనిషి లేనప్పుడు పదహారు వేలు ఎవరివి? ఎక్కడికీ పోని మనిషిని ఊరు దాటించింది నేనే.

శనివారం నేనూ షాపుకు వెళ్ళాను. నెల్లూరు బస్సు వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒక మేకా దిగారు. బస్సు వెళ్ళిపోయింది.

గంగాధరం ఉతికిన చొక్కాతో, నాలుగు మూలలా పసుపు పూసిన కవరుతో నిలబడి ఉన్నాడు. “అన్నా, తొమ్మిదికల్లా రాహుకాలం. తీసుకోన్నా.”

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. “ఏం చేద్దాం అబీ?”

“కవరు తీసుకుంటే ఆరు వేలు ఖాయం. వదిలేస్తే, భాయ్ వస్తే జీతం పెంచినా పద్నాలుగు. రాకపోతే సున్నా.”

“వస్తాడా రాడా?”

“అది బీకాంలో చెప్పలేదు.”

ఆయన రోడ్డు వైపు చూశాడు, కవరు వైపు చూశాడు, ఖాళీ మూల వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు.

“వద్దులే గంగాధరం. టీ కౌంటరు ఎత్తెయ్యటంలా.”

“కాసే మనిషి ఏడన్నా?”

“నేను కాస్తా.”

ఇంట్లో ఇన్నేళ్ళలో నీళ్ళు కూడా కాచి ఎరగని మనిషి లుంగీ ఎగ్గట్టి స్టవ్ వెలిగించాడు. పొడి గుప్పెడు వేశాడు, అనుమానమొచ్చి ఇంకో గుప్పెడు వేశాడు. మొదటి గ్లాసు గంగాధరానికే. అతను ఒక గుక్క తాగి, కవరు జేబులో జాగ్రత్తగా పెట్టుకుని, “పని చూసుకోవాలన్నా,” అని వెళ్ళిపోయాడు. ఇంకో ముగ్గురు తాగారు. ముగ్గురూ బన్ను కొనలేదు.

నాకు అక్కడ నిలబడాలని లేదు, ఇంటికి పోవాలనీ లేదు. బ్రెడ్డు ప్యాకెట్లను వరస మార్చి పేరుస్తున్నాను.

తరవాతి షేర్ ఆటోలోంచి చేతిసంచీతో భాయ్ దిగారు. పలకరింపుల్లేవు. నేరుగా మూలకి వచ్చి, గిన్నెలోంచి అర గ్లాసు పోసుకుని, నాలుకకు తగిలించి కింద పెట్టారు.

“ఇది ఎంతమందికి పోసినారు బాబూ?”

“నలుగురికి. గంగాధరంతో కలిపి.”

“ఆ నలుగుర్నీ మళ్ళా ఈ మూలకి తెచ్చుకోవాలంటే నాకు చానా కష్టం. పదిహేడు చాలదు. పదిహేడున్నర.”

మా ఆయన నా వైపు చూశాడు. నేను మనసులో తీసివేత చేసుకున్నాను. గంగాధరం అద్దె కంటే ఇంకా ఏడున్నర వేలు పైనే ఉన్నాం. ఆ మాట భాయ్ ముందు ఎవరంటారు?

“పదిహేడున్నరా!” అని గుండె మీద చెయ్యి వేసుకుని, కాసేపు నేల చూపులు చూసి, “సరే భాయ్, మీరు అడిగినారు కాబట్టి,” అన్నాను.

ఆయన మా ఆయన కాచిన టీనంతా కాలవలో పారబోసి, గిన్నె కడిగి, పాలు పొయ్యి మీద పెట్టారు.