వంటింటి జాలీ

చలి పూర్తిగా పోయి ఎండ ఇంకా ముదరని ఆ కాస్త వ్యవధిలోనే పెరటి పనంతా తెమలాలి. ఎడారి అంచున ఉన్న ఊళ్ళో వసంతమంటే అంతే, వచ్చిందని తెలిసేలోగా వెళ్ళిపోతుంది. అందుకే ఆ ఉదయం ఆమె గిన్నెలు సింకులోనే వదిలేసి, పాత చున్నీ తలకి చుట్టుకుని, కత్తెర పట్టుకుని ఏసీ బయటి యూనిట్ పక్కన గొంతుక్కూర్చుంది. చలికాలమంతా పట్టించుకోకపోయేసరికి కాగితంపూల తీగ వెళ్ళి వెళ్ళి దాని మీదే పడింది. చుట్టూ కాస్త జాగా లేకపోతే అది లోపలి వేడిని బయటికి వదల్లేదు. పాపం, దానికీ ఊపిరాడాలిగా అనుకుంటూ ఒక్కో కొమ్మా కత్తిరిస్తోంది.

"ఎక్కువసేపు ఎండలో ఉండకు. మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయన్నావంటే నావల్ల కాదు," అన్నాడు భర్త హాలు కిటికీలోంచి. ఆ మాట ప్రేమగానే అన్నాడు. అతనేమన్నా ప్రేమగానే అంటాడు, చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ఇంట్లో ఆమెకి కుంపటి అని పేరు. పెట్టింది అతనే. ఈ ఇల్లు కొనుక్కుని వచ్చిన ఏడాదే ఆమె ఒంట్లో ఏదో తేడా మొదలైంది. పొయ్యి మీద కూర పెట్టి ఉల్లిపాయలు తరుగుతుంటే చెమటలు కారిపోయేవి, గుండె దడదడలాడేది, ఎవరైనా పలకరిస్తే కయ్యిమనేది. ఇల్లంతటికీ ఒకే ఏసీ, చల్లగాలి రావడానికి గదికో జాలీ. హాల్లో అత్తగారేమో నడివేసవిలో శాలువా కప్పుకుని కూర్చునేది. "ఇంట్లో ఇంత చల్లగా ఉంటే నీకు చెమటలేంటే? నీ ఒంటి తత్వమే అంత," అనేది ఆవిడ. "మాకు చలికాలంలో హీటరక్కర్లేదండీ, మా కుంపటుందిగా!" అని చుట్టాల ముందు భర్త నవ్వించేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది. నిజానికి అతను మంచినీళ్ళ సీసా కోసం వంటింట్లోకి వస్తే "అబ్బ, ఇదేం కొలిమి!" అంటూ నిమిషం నిలబడకుండా పారిపోయేవాడు. అతనికి ఉక్కపోస్తే వంటిల్లు కొలిమి, ఆమెకి ఉక్కపోస్తే ఆమే కుంపటి. ఈ తేడా అప్పట్లో ఎవరికీ తట్టలేదు, ఆమెతో సహా. నడుము దాకా ఉన్న జుట్టుని మెడ పైకి కత్తిరించేసుకుంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే, "నాకు కాస్త వేడి ఎక్కువండీ, ఏమీ అనుకోకండి," అని ముందే క్షమాపణ చెప్పుకోవడం అలవాటు చేసుకుంది. పక్క ఊళ్ళో చదువుకుంటున్న కూతురు ఫోన్ చేస్తే, "అమ్మా, ఇవాళ మూడెలా ఉంది?" అని అడిగాకే అసలు సంగతి మొదలుపెట్టేది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆమెని ముల్లులా గుచ్చేది. పిల్ల తనని చూసి జంకేలా ఎప్పుడు తయారయ్యాను అని కుమిలిపోయేది.

పోయిన వేసవిలో భర్త ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చినరోజు పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. ఈ వయసులో మామూలేనని డాక్టరు బిళ్ళలు రాశాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం అసలు కారణం కనిపెట్టేశారు: నర్సరీ. ఊరి చివర మొక్కలమ్మే చోట ఆమె పొద్దున్నపూట పని చేస్తుంది. "రోజూ ఆ మొక్కల మధ్య ఎండలో పడి ఉంటే పడిపోక ఏమవుతావ్? మానెయ్. నువ్వు తెచ్చే ఆ నాలుగు రాళ్ళు లేకపోతే మనకి గడవదా?" అన్నాడు భర్త. "ఇంటిపట్టున ఉంటే ఒళ్ళు అదే చల్లబడుతుంది," అంది అత్తగారు. ఇప్పుడు మళ్ళీ ఎండలొస్తున్నాయి, మళ్ళీ అదే పాట. ఆమె కూడా దాదాపు ఒప్పేసుకుంది. నర్సరీలో నీడకి కట్టిన పచ్చవల కింద తానొక్కసారీ తూలి పడలేదన్న సంగతి నోటిదాకా వచ్చినా, చెప్పి గెలిచే ఓపిక లేక మింగేసింది.

ఆమె మానేయబోతోందని తెలియని నర్సరీ యజమానురాలు పెద్ద పనే అప్పగించింది. ఏటా ఎండలు ముదిరేముందు ఊళ్ళో ఇళ్ళవాళ్ళని పిలిచి, పెరటికీ ఏసీకీ ఏమేం జాగ్రత్తలు చేసుకోవాలో చెప్పిస్తారు. ఈసారి చెప్పాల్సింది ఆమె. "పుస్తకంలో మాటలొద్దమ్మాయ్. ముందు నీ ఇంట్లో అన్నీ చేసి చూసుకో, చూసిందే చెప్పు," అందావిడ. ఈ శనివారం అదొక్కటీ అయ్యాక ఉద్యోగం మానేస్తానని చెప్పేయాలి, ఆమె అనుకున్నది అదే.

తీగ కత్తిరించాక డ్రిప్పు పైపులు విప్పి, ఇసుక పట్టిన రంధ్రాలు సూదితో పొడిచి, మొక్కల మొదళ్ళలో చెక్కపొట్టు పరిచింది. లోపలికొచ్చి ఏసీ ఫిల్టరు మార్చింది. దుమ్ము పట్టి దుప్పటంత మందమైంది పాతది. మిగిలింది జాలీలు. ఏసీ వేసి, గాలి సరిగా వస్తోందో లేదో చూడటానికి పల్చటి కాగితం ముక్క ఒకటి చీపురు కర్రకి కట్టుకుని గదిగదికీ తిరిగింది. హాల్లో కాగితం గాలిపటంలా ఎగిరింది. పడగ్గదిలో ఎగిరింది. అత్తగారి గదిలో రెపరెపలాడింది. "ఏంటే ఆ ఆటలు?" అంది శాలువాలోంచి అత్తగారు. ఆమె నవ్వి వంటింట్లోకి నడిచింది.

వంటింటి జాలీ ఎత్తుగా ఉన్న అల్మరా పైన, పైకప్పుకి ఆనుకుని ఉంటుంది. కర్ర ఎత్తి పట్టుకుంది. కాగితం కదల్లేదు. కర్ర కాస్త పక్కకి జరిపింది. కదల్లేదు. పొయ్యి దగ్గర చల్లగాలి ఎక్కడ తెలుస్తుందిలే అని ఇన్నేళ్ళూ అనుకుంది గానీ, పొయ్యి ఇప్పుడు వెలిగించి లేదుగా! స్టూలు మీదికెక్కి, అల్మరా మీది డబ్బాలు పక్కకి నెట్టి, స్క్రూలు విప్పి జాలీ ఊడదీసింది.

లోపల నల్లటి స్పాంజి ముక్క. ఎవరో కొలిచి కోసి బిగించారు, చుట్టూ టేపు కూడా వేశారు. చూడగానే గుర్తుపట్టింది. ఇల్లు కొన్న కొత్తలో తెచ్చుకున్న టీవీ పెట్టెలోది. టేపు పట్టుకుని లాగితే దుమ్మంతా మొహం మీద రాలింది, దాని వెనకే చల్లటి గాలి గుప్పున వచ్చి మెడని తాకింది. ఆ వంటింట్లో ఆమె మెడకి చల్లగాలి తగలడం అదే మొదటిసారి.

స్టూలు చప్పుడుకి భర్త గుమ్మంలోకి వచ్చాడు. ఆమె చేతిలో ఉన్నది చూడగానే అతని మొహం విప్పారింది.

"ఓ, అదా! నేనే పెట్టాను. ఎప్పటిదో! పొయ్యి దగ్గర ఏసీ దండగే కదా, ఆ గాలేదో హాల్లోకే వస్తుందని. వంట వాసన గదుల్లోకి వస్తోందని అమ్మ కూడా అంది." తల గోక్కున్నాడు. "చూశావా, మర్చేపోయాను."

మర్చేపోయాడు. ఆమె స్టూలు మీదే నిలబడి ఆ మాటని ఒకసారి లోపల అనుకుంది. కోపం వస్తుందనుకుని కాచుకుంది. వస్తుంది కూడా, తర్వాత, తీరిగ్గా, దాని వాటా దానికుంది. కానీ ఆ క్షణాన వచ్చింది కోపం కాదు. ఏళ్ళ తరబడి మోస్తున్న బస్తా ఎవరో భుజం మీంచి దించినట్టయింది. నాకేం లేదు! నా ఒంటి తత్వం బాగానే ఉంది, నా బుద్ధీ బాగానే ఉంది. నేను గాలి ఆడని గదిలో రోజూ వంట చేశాను, అంతే. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అవి తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏమైందిప్పుడు? పడతావు, దిగు," అన్నాడతను కంగారుగా.

"పడనండీ. ఇంక పడను," అంది.

దిగి కూతురికి ఫోన్ చేసింది. "ఏంటమ్మా, ఈ టైములో? మూడెలా..." అంటుండగానే, "బాగుందే. మీ అమ్మ కోపిష్టిది కాదే, దానికి గాలి ఆడలేదంతే," అని జరిగింది చెప్పింది.  "సారీ అమ్మా," అంది పిల్ల చిన్న గొంతుతో.

సాయంత్రం హాల్లో అత్తగారు శాలువా తీసి మడత పెట్టింది. "ఇవాళేంటో హాయిగా ఉంది, ఎముకలు కొరకట్లేదు," అంది ఎవరినీ చూడకుండా.  భర్త మాత్రం సోఫాలో అటూ ఇటూ కదిలాడు. "హాల్లో చల్లదనం తగ్గినట్టుందే?"

"అయితే ఇక్కడికి రండి, బ్రహ్మాండంగా ఉంది," అంది ఆమె వంటింట్లోంచి. "పొద్దున్నటి గిన్నెలు కూడా ఇక్కడే ఉన్నాయి."

అతను వచ్చాడు. గుమ్మం దగ్గర కొంచెంసేపు తటపటాయించి, చొక్కా చేతులు మడిచి, స్క్రబ్బరు ఎక్కడుంటుందని అడిగాడు. ఆమె చూపించి, తను పెరట్లోకి వెళ్ళి, ఆ స్పాంజి ముక్కని మోకాళ్ళ కింద వేసుకుని చీకటి పడేదాకా కలుపు తీసింది. మెత్తగా, సుఖంగా ఉంది. దేనికి పనికొచ్చేదాన్ని దానికి వాడాలి మరి.

శనివారం నర్సరీ పచ్చవల కింద కుర్చీలన్నీ నిండాయి. కారులో దింపడానికి వచ్చిన భర్త వెళ్ళకుండా వెనక కుండీల దగ్గర నిలబడ్డాడు. ఆమె లేచి ముందుకొచ్చింది. ఎండ ముదరకముందే కొమ్మలు కత్తిరించుకోండి, నీళ్ళు తెల్లవారకముందే పెట్టండి, ఏసీ బయటి యూనిట్ చుట్టూ జాగా వదలండి, ఫిల్టరు మార్చండి, అంటూ వరసగా చెప్పుకొచ్చింది. కలుపు తీసేటప్పుడు మోకాళ్ళు నొప్పి పుట్టకుండా ఇలాంటిది వేసుకోండి అని స్పాంజి ముక్క చూపించింది.

ముందు వరసలో చేతిగుడ్డతో మెడ ఒత్తుకుంటూ కూర్చున్న ఒకావిడ, "భలే ఉందే, ఎక్కడ కొన్నారమ్మా?" అంది.

"కొన్లేదండీ. మా వంటింటి ఏసీ జాలీలో దొరికింది."

అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వి, నవ్వులు తగ్గేదాకా ఆగింది. కుండీల దగ్గర భర్త నేల చూపులు చూస్తున్నాడు. ఆమె యజమానురాలి వైపు తిరిగి, "వచ్చే ఏడాది కూడా నేనే చెప్తానండీ," అని, మళ్ళీ ముందు వరసలో చెమట తుడుచుకుంటున్న ఆవిడ వైపు చూసింది.

"ఆఖరుగా ఒక్క మాట. మీ ఇంట్లో ఎప్పుడూ ఒక్కరికే ఉక్కపోస్తుంటే, ఆ మనిషికి పేరు పెట్టకముందు, బిళ్ళలు మింగించకముందు, ఉద్యోగం మానిపించకముందు, దయచేసి ఎవరైనా ఒక స్టూలేసుకుని పైకెక్కి చూడండి."