పడింది పడినట్టే

కాగుతున్న మాంసం గంజులోంచి గొర్రె చీలమండ ఎముకను గరిటెతో ఏరి తీసి, త్సెవెల్మా ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ కత్తిమొనతో గీకుతోంది. ఎముకకు రవ్వంత మాంసం అంటుకుని ఉన్నా ఆమెకు నచ్చదు. మోకాళ్ళు వాచిన మనిషి. బావినుంచి బకెట్లు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ముంజేతి మీద నూనె చిందిన పాత మచ్చలు. గోబీ ఎడారి దారిలో లారీలు ఆగే ఆ చిన్న హోటల్లో ఆమె వయసంతా ఉప్పుటీ కాచడంలోనే గడిచింది.

బల్ల దగ్గర గొర్రెలకాపరి లువ్సన్ ఇంకో కాపరితో చీలమండ ఎముకలు విసిరే ఆట ఆడుతూ, పడిన ఎముకను మోచేత్తో మెల్లగా నెట్టాడు. త్సెవెల్మా వెనక్కి తిరక్కుండానే అంది.

"చెయ్యి తగిలింది."

"గాలమ్మా, గాలి!"

"తలుపులన్నీ మూసుంటే గాలెక్కడిదిరా? పడింది పడినట్టే. ముట్టుకున్నవాడికి నా దగ్గర టీ లేదు."

ఎముకకు నాలుగు పక్కలు. వెడల్పాటి వాటిని గొర్రె, మేక అంటారు. ఇరుకువి గుర్రం, ఒంటె. వెడల్పు మీద పడ్డంత సులువుగా ఎముక ఇరుకు మీద నిలవదు. అందుకే గుర్రం పడితే అంత సంబరం.

లారీ నడిపే బాల్దన్ ఏటా శరదృతువులో ఉన్ని మూటలతో ఇటే వెళతాడు. ఒకసారి టీ తాగుతూ, "నాతో వచ్చేస్తావా?" అని అడిగాడు. అప్పుడు అమ్మ మంచాన పడి ఉంది. కాదనడానికి మనసొప్పక త్సెవెల్మా ఒక ఎముక తీసి, "గుర్రం పడితే వస్తా" అని నవ్వులాటకు అంది. మేక పడింది. ఆనాటినుంచి ఏటా ఒక్కసారి వేయడం వాళ్ళకు అలవాటైపోయింది. అమ్మ పోయిన ఏడు మాత్రం ఎముకను దోసిట్లో చాలాసేపు ఊపి గాని వేయలేదు. ఒంటె పడింది. బాల్దన్ నవ్వేసి వెళ్ళిపోయాడు. త్సెవెల్మా పిడకల గుట్ట వెనక నిలబడి, అమ్మకోసం కూడా ఏడవనంతగా ఏడ్చింది. నోరు తెరిచి అడిగే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. ఎముక చెప్పాలి, అంతే.

మధ్యాహ్నం బాల్దన్ దుమ్ము దులుపుకుంటూ లోపలికొచ్చాడు. రెండు గిన్నెల టీ అయ్యాక గాని అసలు మాట బయటపెట్టలేదు.

"లారీ అమ్మేశా త్సెవెల్. ఇదే ఆఖరి ట్రిప్పు. అందరూ కొండవతల కొత్త తారురోడ్డే పడుతున్నారు."

"మరెక్కడుంటావు?"

"మా ఏటి ఒడ్డున. నాలుగు మేకలు కొనుక్కుంటా."

పొయ్యి దగ్గరున్న తమ్ముడి భార్య నోర్జిన్ కిసుక్కున నవ్వింది. "అన్నా, మా వదిన గుర్రం కుంటిది. ఈసారీ లేవదు చూడు!"

త్సెవెల్మా అప్పుడే గీకిన ఎముకను దోసిట్లో ఊపి వేసింది. అది దొర్లి, టీ గిన్నెకు ఇవతల ఆగింది. గొర్రె.

బాల్దన్ కాసేపు దాన్నే చూశాడు. "సరేలే" అని టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది.

త్సెవెల్మా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఇక శరదృతువు వస్తుంది, బాల్దన్ రాడు.  గరిటె పక్కన పెట్టి, చూపుడువేలితో ఎముకను మెల్లగా పక్కకు తిప్పి నిలబెట్టింది.

"అమ్మో, ముట్టుకున్నావు!" అని అరిచాడు లువ్సన్.

"ముట్టుకున్నా. నాకు టీ వద్దులే."

శాలువా కప్పుకుని, "గంజు కింద మంట తగ్గించవే" అని నోర్జిన్‌తో చెప్పి పరుగులాంటి నడకతో బయటికెళ్ళింది. కదిలిన లారీ ఆగడం, తలుపు తెరుచుకోవడం, ఆ వాచిన మోకాళ్ళతోనే ఆమె ఎక్కడం లువ్సన్ కిటికీలోంచి చూశాడు. దుమ్ము లేచి, అణిగింది. 

సాయంత్రం నోర్జిన్ కళ్ళు తుడుచుకుంటూ బల్ల తుడిచింది. ఎముక దగ్గరికొచ్చేసరికి గుడ్డను దాని చుట్టూ తిప్పిందే గాని వేలు తగలనివ్వలేదు. బల్ల మధ్యలో, ఇరుకు పక్క మీద, గుర్రం నిలబడే ఉంది.